ఆస్టిన్ కాపిటల్: గుమ్మటం కూడా గ్రానైటేనా? వెనక పచ్చికలో ఏముంది?

సుధ_సీడార్‌పార్క్
వచ్చే వారం అత్తయ్యగారూ మామయ్యగారూ వస్తున్నారు. మామయ్యగారు ఆర్ అండ్ బీలో ఈఈగా రిటైరయ్యారు. టెక్సాస్ కాపిటల్ (రాష్ట్ర శాసనసభ భవనం) చూపిద్దామనుకుంటే, గైడ్ టూర్లో నక్షత్రం కింద ఫొటో తీయించి పంపేస్తారని అందరూ అంటున్నారు. ఆయనకి అది చాలదు. బయటి గోడలు ఎర్ర గ్రానైట్ అని తెలుసు. పైన గుమ్మటం కూడా అదే రాయా? కాకపోతే రంగెలా కలిసింది? వెనకవైపు పచ్చిక తప్ప ఏమీ లేదంట, అటు నడిపించడం దండగేనా? ఈ గ్రూపులో కాపిటల్ అని వెతికితే పార్కింగ్ గోల తప్ప ఒక్క ముక్క లేదు. బిల్డింగు గురించి తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

భాస్కర్78
తిట్టుకున్నా సరే, పార్కింగ్ గురించే రాస్తున్నా. శాన్ హసింటో మీద, 12వ, 13వ వీధుల మధ్య విజిటర్స్ గరాజ్ ఉంది. మొదటి 2 గంటలు ఉచితం, తర్వాత అరగంటల లెక్క. అక్కడి నుంచి కాపిటల్‌కి ఎత్తు ఎక్కాలి. పెద్దవాళ్ళయితే ముందు వాళ్ళని దింపి తర్వాత పార్క్ చేసుకోండి.

నల్లరేగడి
గుమ్మటం రాయి కాదు సుధగారూ. ఇనుప చట్రం, దాని మీద లోహపు రేకు, ఆ పైన గ్రానైట్‌కి దగ్గరగా కలిపి కొట్టిన రంగు. కారణం బరువు. గ్రానైట్ ఘనపుటడుగుకి 165 నుంచి 170 పౌన్లు తూగుతుంది. అంత ఎత్తులో రాతి గుమ్మటం లేపితే బరువొక్కటే కాదు, అడుగున బయటికి తోపుడు కూడా వస్తుంది. దాన్ని ఆపడానికి కింది గుండ్రటి గోడని, పునాదిని ఎంతో లావు చేయాలి. వాషింగ్టన్ కాపిటల్ గుమ్మటమూ పోత ఇనుమే, తెల్ల రంగు కొట్టి రాయిలా చూపిస్తున్నారు.

ఇనుముతో వచ్చే తంటా వేరు. 30 మీటర్ల పొడవు ఇనుము 40 డిగ్రీల సెల్సియస్ తేడాకి దాదాపు 14 మిల్లీమీటర్లు సాగుతుంది. ఏటా వేసవికి సాగి చలికాలానికి ముడుచుకుంటుంటే రేకుల అతుకుల్లో పెట్టిన మసాలా చిట్లుతుంది. ఆ సందులోంచి నీళ్ళు దిగి లోపలి బోల్టుకి తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి రేకుని ఇంకా పైకి తోస్తుంది. పైపైన రంగు కొట్టి వదిలేస్తే రెండేళ్ళకే మళ్ళీ పొరలు లేస్తాయి. పాత రంగు గీకి, తుప్పు తీసి, అతుకు మూసి, అప్పుడు ప్రైమర్ కొట్టాలి.

మామయ్యగారికి ఇలా చూపించండి. ఎండ పడుతున్నప్పుడు దక్షిణం మెట్ల దగ్గర గోడకి అడుగు దూరంలో నిలబడితే రాతిలో ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం పలకలు ఒక్కోటి ఒక్కో కోణంలో తళుక్కుమంటాయి. గుమ్మటం మీద ఆ తళుకు ఉండదు.

చీమకుర్తి_చిన్నోడు
రాయి సంగతి నేను చెప్తా. ఇది ఆస్టిన్‌కి 50 మైళ్ళ దూరంలో మార్బుల్ ఫాల్స్ దగ్గరున్న గ్రానైట్ మౌంటెన్ రాయి. సన్‌సెట్ రెడ్ అని ఇప్పటికీ అమ్ముతారు. ఆ ఎరుపు పొటాష్ ఫెల్డ్‌స్పార్ వల్ల వచ్చేది, పైపూత కాదు, ఎంత లోతుకి కోసినా అదే రంగు. (మన చీమకుర్తి గెలాక్సీని గ్రానైట్ అని అమ్ముతాం గానీ అది గాబ్రో అనే వేరే రాయి. ఇది మాత్రం అసలు సిసలు గ్రానైట్.)

చాలామందికి తెలియనిదేంటంటే మొదటి ప్లానులో గ్రానైట్ లేనే లేదు. ఇప్పటి ఓక్ హిల్, అప్పట్లో ఓట్‌మన్‌విల్ అనేవారు, అక్కడి సున్నపురాయితో కడదామనుకున్నారు. తవ్వడం మొదలెట్టాక తెలిసింది, ఆ రాయి గాలికీ వానకీ వదిలేస్తే మరకలు పడుతోందని. రాయిలో ఇనుము ఉంది. అది తుప్పై, నీళ్ళతో పాటు కిందికి కారి, తెల్ల గోడ మీద పసుపు, గోధుమ చారలు కడుతుంది. ఎంత కడిగినా మళ్ళీ లోపల్నుంచే వస్తుంది, దానికి మందు లేదు.

పిల్లకాలువ
అంటే ఆ సున్నపురాయంతా పారేశారా?

చీమకుర్తి_చిన్నోడు
పారెయ్యలేదు, లోపలి గోడలకీ బేస్‌మెంట్‌కీ వాడారు. వాన తగలని చోట ఆ రాయికి ఢోకా లేదు. బయటికి మాత్రం గ్రానైట్. కాంట్రాక్టర్లు ఇండియానా సున్నపురాయి తెస్తామన్నారు. గవర్నర్ జాన్ ఐర్లండ్ టెక్సాస్ రాయే కావాలని పట్టుబట్టాడు. గ్రానైట్ మౌంటెన్ యజమానులు రాయి ఉచితంగా ఇచ్చారు, కథ అక్కడ తెగింది.

గ్రానైట్ అనగానే పనంతా మారిపోయింది. సున్నపురాయిని ఉలితో లేసులా చెక్కొచ్చు, గ్రానైట్‌కి అడుగడుగునా ఉలి మొద్దుబారుతుంది. అందుకే చెక్కడాలు తగ్గించి గీతలు సాదాగా పెట్టారు. బండ చీల్చే పద్ధతి మన క్వారీల్లో పాతవాళ్ళు చేసిందే. వరసగా రంధ్రాలు వేసి, ఒక్కో దాంట్లో రెండు రేకులు పెట్టి, మధ్యలో చీల దించి, ఈ చివర్నుంచి ఆ చివరికి సమ్మెటతో తలా ఒక దెబ్బ వేస్తూ పోవాలి. ఒకే చీలని గట్టిగా బాదితే బండ అడ్డంగా పగిలి పనికిరాకుండా పోతుంది.

మొండిఘటం
రాయి ఉచితం, బాగానే ఉంది. కూలీ ఎవరిది? ఆ ముక్క కూడా చెప్పండి. క్వారీలో పని చేసింది ఖైదీలు. రాష్ట్రమే వాళ్ళని కాంట్రాక్టరుకి అద్దెకిచ్చింది. రాతి పనివాళ్ళ యూనియన్ ఒప్పుకోక పనిని బహిష్కరిస్తే, గస్ విల్కీ అనే కాంట్రాక్టరు స్కాట్లండ్ అబర్డీన్ నుంచి 62 మంది రాతి పనివాళ్ళని దించాడు. 1885లో అమెరికా అప్పుడే చట్టం చేసి ఉంది, విదేశాల నుంచి కాంట్రాక్టు మీద కూలీలను తేకూడదని. కేసు పడింది, జరిమానా పడింది.

కరీంనగర్_పోరడు
అంటే మొట్టమొదటి హెచ్1బీ లొల్లి ఈ బిల్డింగు కాడనే అయిందన్నట్టు 😀

భాస్కర్78
వాళ్ళకి లాటరీ లేదు అన్నా, ఓడ ఎక్కడమే.

నల్లరేగడి
@సుధ రాయి వచ్చిన దారి మీ ఇంటి పక్కదే. ఆస్టిన్ నుంచి బర్నెట్ దాకా అప్పటికే న్యారోగేజ్ లైను ఉంది, బర్నెట్ నుంచి కొండ దాకా కొత్తగా 16 మైళ్ళ పట్టాలు వేశారు. 15 వేల పైచిలుకు వ్యాగన్ల రాయి దాని మీదే దిగింది. లియాండర్ నుంచి డౌన్‌టౌన్ వచ్చే రెడ్ లైన్ రైలు ఇవాళ నడిచేది ఆ పాత లైను దారిలోనే. కారు బదులు ఆ రైల్లో తీసుకొస్తే మామయ్యగారికి ముందే సగం కథ చెప్పొచ్చు.

పాతదస్తావేజు
డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. టెక్సాస్ దగ్గర నగదు లేదు, భూమి ఉంది. 1876 రాజ్యాంగంలోనే కొత్త కాపిటల్ కోసం భూమి కేటాయించారు. పాన్‌హ్యాండిల్ (టెక్సాస్ ఉత్తరపు కొస) వైపు 30 లక్షల ఎకరాలు, సర్వే ఖర్చు కోసం ఇంకో 50 వేలు. 1881 నవంబరు 9న పాత కాపిటల్ కాలిపోవడంతో తొందర పుట్టింది. చికాగో సిండికేట్ ఒకటి భూమి తీసుకుని బిల్డింగు కట్టి ఇచ్చింది. ఆ భూమే ఎక్స్ఐటీ రాంచ్ అనే పశువుల క్షేత్రం.

కరీంనగర్_పోరడు
30 లక్షల ఎకరాలంటే 12 వేల చదరపు కిలోమీటర్ల పైన. మా ఉమ్మడి కరీంనగర్ జిల్లా మొత్తం 11,823. ఒక్క బిల్డింగుకి జిల్లా రాసిచ్చిన్రు!

మొండిఘటం
అదే నేననేది. దోచిపెట్టారు.

పాతదస్తావేజు
అంత తేలిగ్గా తేల్చకండి. మొత్తం ఖర్చు 37 లక్షల డాలర్ల చిల్లర. అందులో రాష్ట్రం నగదుగా పెట్టింది 5 లక్షల ప్రాంతం, మిగతా 32 లక్షలు సిండికేట్‌వి. ఎకరానికి డాలరు పైన పడింది. అప్పుడు అక్కడ ఎకరం అర డాలరుకి దొరికేది. అప్పటి ధరలో చూస్తే రాష్ట్రానికే లాభం. సిండికేట్ వాళ్ళు లండన్‌లో కంపెనీ పెట్టి బ్రిటిష్ పెట్టుబడి తెచ్చుకుని కంచె వేసి పశువుల్ని పెంచారు. పశువుల మీద పెద్దగా మిగల్లేదు. 1901 నుంచి ముక్కలు చేసి భూమి అమ్ముకోవడం మొదలెట్టారు.

మొండిఘటం
అప్పటి ధర అంటే అమ్మేవాడికి తొందర ఉన్నప్పటి ధర. రైలు వచ్చాక ఎకరం ఎంతకి పోయిందో కూడా లెక్కలో వేయండి. భూమి కదలకుండా కూర్చోబెట్టుకున్నవాడికే చివరికి మిగిలేది. ఇక్కడ అందరికీ తెలిసిన సంగతేగా.

పాతదస్తావేజు
ఆ లెక్కన ప్రపంచంలో ఏ భూమీ ఎవరూ అమ్మకూడదు.

వడ్రంగిపిట్ట
భూమి గొడవ పక్కన పెట్టి లోపలికి రండి. సుధగారూ, తలుపులు చూపించండి. బందులు కంచువి, ఒక్కోటి 8 పౌన్ల పైచిలుకు, కనెక్టికట్‌లోని సార్జెంట్ కంపెనీ చేసింది. దాని మీద 'టెక్సాస్ కాపిటల్' అని పోతలోనే అచ్చు వేశారు. అంత బరువు ఊరికే పెట్టలేదు. ఎత్తయిన గట్టి కలప తలుపు రోజుకి వందలసార్లు తెరుచుకుంటే మామూలు బందు ఇరుసు అరిగి తలుపు జారుతుంది, ముందువైపు కింది మూల నేలకి గీసుకుంటుంది. ఇక్కడ బందు ఆకు వెడల్పుగా ఉండి బరువు ఎక్కువ మరల మీద పంచుకుంటుంది.

గోడల అడుగున చెక్క పలకల పని దాదాపు 7 మైళ్ళు ఉంటుంది. ఓక్, పైన్, చెర్రీ, సెడార్, వాల్‌నట్, యాష్, మహాగని. హౌస్ (దిగువ సభ) హాల్లో తల పైకెత్తితే దీపాల గుత్తుల్లో నక్షత్రం ఒక్కో కొన మీద ఒక్కో అక్షరం, బల్బులతో టెక్సాస్ అని వస్తుంది. గైడు చెప్పకపోతే ఎవరూ గమనించరు.

పిల్లకాలువ
మధ్యలో నేల మీద ఉన్న పెద్ద నక్షత్రం 1888 నాటిదేనా?

వడ్రంగిపిట్ట
కాదు. ఆ టెరాజో (రాతి ముక్కలు కలిపి పోసి నునుపు చేసే నేల) 1936లో టెక్సాస్ స్వాతంత్ర్య శతాబ్ది ఉత్సవాలకి పోసింది. మధ్యలో టెక్సాస్ రిపబ్లిక్ ముద్ర, చుట్టూ టెక్సాస్‌ని ఏలిన మిగతా ఐదు దేశాలవి. అంతకు ముందు అక్కడ గాజు పలకల నేల ఉండేది, కింది బేస్‌మెంట్‌కి వెలుగు దిగడానికి. టెరాజోలో రంగు కలవకుండా మధ్యలో లోహపు పట్టీ నిలబెడతారు. అది లేకపోతే ఒక రంగు రెండోదాంట్లోకి పాకడమే కాదు, ఎండేటప్పుడు అడ్డదిడ్డంగా పగుళ్ళిస్తుంది. వంగి చూస్తే ముద్రల అంచున ఆ సన్న గీత కనిపిస్తుంది.

భాస్కర్78
గోడల మీద గవర్నర్ల పటాలు మర్చిపోయారు. కొత్త గవర్నర్ పటం వస్తే మిగతా అందరినీ ఒక్కో స్థానం వెనక్కి జరుపుతారు, అంతస్తు నిండితే పై అంతస్తుకి. రిటైర్డ్ ఈఈగారికి ఇది వెంటనే అర్థమవుతుంది, మూకుమ్మడి బదిలీ.

టెక్సాస్_తాతయ్య
వాషింగ్టన్ కాపిటల్ కంటే ఎత్తు అని గైడు తప్పకుండా చెప్తాడు. 302 అడుగులకి 288. నిజమే. అయితే రాష్ట్ర కాపిటల్స్‌లో ఎత్తయింది ఇది కాదు, లూసియానాది 450 అడుగులు, నెబ్రాస్కాది 400. విస్తీర్ణంలో మాత్రం రాష్ట్ర కాపిటల్స్ అన్నిటికంటే ఇదే పెద్దది. ఆర్కిటెక్టు ఎలైజా మయర్స్, మిషిగన్, కొలరాడో కాపిటల్స్ కూడా ఆయనవే. లాన్సింగ్‌లో ఉండి వచ్చినవాళ్ళకి పోలిక కనిపిస్తుంది.

నల్లరేగడి
పైనున్న విగ్రహం మాట. 1888లో పెట్టిన దేవత జింకుది, దాదాపు 16 అడుగులు. ఎడమ చేతిలో పైకెత్తిన నక్షత్రం, కుడి చేతిలో కిందికి దించిన కత్తి. వందేళ్ళ ఎండావానకి జింకు తినేసింది. 1985లో హెలికాప్టరుతో దించి, దాని మీద అచ్చులు తీసి అల్యూమినియంతో పోతపోశారు. 1986లో పైకెక్కించడానికి టెక్సాస్ నేషనల్ గార్డు హెలికాప్టరు వల్ల కాలేదు, మిసిసిపీ గార్డు వాళ్ళొచ్చి పెట్టారు. అసలు విగ్రహం బుల్లక్ మ్యూజియంలో ఉంది, నడిచి వెళ్ళే దూరం. దగ్గర్నుంచి చూస్తే మొహం మోటుగా, ముక్కూ కళ్ళూ మరీ పెద్దగా ఉంటాయి. శిల్పి చేతగానితనం కాదు, 300 అడుగుల కిందనుంచి చూసేవాళ్ళకి ఆ మాత్రం లోతు లేకపోతే మొహం చదునుగా కనిపిస్తుంది.

కరీంనగర్_పోరడు
మిసిసిపీ వాళ్ళు పెట్టిన్రని టూర్ల చెప్తరా?

టెక్సాస్_తాతయ్య
అడిగితే చెప్తారు, నవ్వుతూనే. ఇంకోటి కూడా అడగండి. 1888 మే ప్రారంభోత్సవాల్లో వాన పడితే కప్పు కారింది. రాగి రేకు కప్పు. రాష్ట్రం బిల్డింగు స్వాధీనం చేసుకోకుండా డిసెంబరు దాకా ఆపి, మరమ్మతు చేయించాకే తీసుకుంది.

నల్లరేగడి
ఫైనల్ బిల్లు ఆపారన్నమాట. మామయ్యగారికి ఇదే బాగా నచ్చుతుంది చూడండి.

సుధ_సీడార్‌పార్క్
😂 నచ్చుతుంది. మరి వెనక పచ్చిక సంగతి?

టెక్సాస్_తాతయ్య
అది పచ్చిక కాదమ్మా, కప్పు. దాని కింద 6,67,000 చదరపు అడుగుల కట్టడం ఉంది. పైనున్న 1888 బిల్డింగు 3,60,000. అంటే దాదాపు రెట్టింపు నేల కింద దాచారు. 1983 ఫిబ్రవరి 6న తెల్లవారుజామున సెనేట్ వెనక లెఫ్టినెంట్ గవర్నర్ నివాసంలో నిప్పంటుకుంది, ఒకరు చనిపోయారు. అప్పటికి చోటు చాలక ఎత్తయిన గదుల్లో మధ్యలో అటకలు వేసి, దొంగ సీలింగులు బిగించి, ఒక్కో గదిని రెండు చేసుకున్నారు. ఆ సీలింగుల పైన మంట పాకితే కిందనుంచి కనపడదు, నీళ్ళు కొట్టడానికి అందదు. మంటలార్పేవాళ్ళకి అదే పెద్ద ఇబ్బంది. ఆ తర్వాతే స్టేట్ ప్రిజర్వేషన్ బోర్డు ఏర్పడింది. ఆఫీసులను భూమిలోకి దించి పాత గదులను 1888లో ఉన్నట్టు తిరిగి చేశారు. భూగర్భ భాగం 1993లో పూర్తయింది. లోతు 65 అడుగులు, పైన రెండు అంతస్తులు ఆఫీసులు, కింద రెండు పార్కింగ్.

నల్లరేగడి
మామయ్యగారికి అక్కడ చూపాల్సింది నడుమనున్న గుండ్రటి బావి లాంటి ఖాళీ. పైకప్పు లేదు, వాన నేరుగా పడుతుంది. పైనున్న గుమ్మటాన్ని తిరగేసి భూమిలో దించినట్టు ఉంటుంది. స్కైలైట్ల వల్ల లోపల నడుస్తుంటే నేల కింద ఉన్నామనిపించదు. ఇలాంటి కట్టడంలో అసలు శత్రువు నీరు. కప్పు మీద మట్టీ గడ్డీ ఉన్నాయి కాబట్టి వాటర్‌ప్రూఫింగ్ పొర ఎక్కడ చిరిగినా పైనుంచి కనపడదు. లోపల మరక ఒకచోట వస్తే చిరుగు ఇంకోచోట ఉంటుంది, నీళ్ళు శ్లాబు వాలు వెంట పాకి వస్తాయి. స్కైలైటు అంచులు, మొక్కల తొట్ల మూలలు ముందు చూసుకోవాలి, నూటికి తొంభై కారడాలు అక్కడే.

భాస్కర్78
గది నంబర్ల దగ్గర అందరూ తికమకపడతారు, అది కూడా రాసేయండి. హియరింగ్‌కి (బిల్లుల మీద కమిటీ విచారణ) సాక్ష్యం చెప్పడానికి వచ్చినవాళ్ళు సగం మంది తప్పిపోయేది ఇక్కడే. పాత బిల్డింగులో ముందు అంతస్తు, తర్వాత దిక్కు. 2ఈ అంటే రెండో అంతస్తు తూర్పు. భూగర్భంలో తిరగబడుతుంది. ఈ2 అంటే ఎక్స్‌టెన్షన్ రెండో అంతస్తు, అంటే కిందికి రెండు. 2ఈకి వెళ్ళాల్సినవాళ్ళు ఈ2లో తిరుగుతుంటారు. ముందు జీ ఉంటే గ్రౌండ్ ఫ్లోర్, అక్కడి నుంచే ఎక్స్‌టెన్షన్‌కి దారి.

పిల్లకాలువ
సభ జరుగుతుంటే చూడొచ్చా?

టెక్సాస్_తాతయ్య
బేసి సంవత్సరాల్లో జనవరి రెండో మంగళవారం మొదలై 140 రోజులు. మధ్యలో గవర్నర్ ప్రత్యేక సమావేశం పిలిస్తే తప్ప మిగతా కాలం సభలు ఖాళీ. సభలు రెండో అంతస్తులో, హౌస్ పడమర 150 మంది, సెనేట్ తూర్పు 31 మంది. ప్రేక్షకుల గ్యాలరీ మూడో అంతస్తు నుంచి. సభ లేనప్పుడు వెళ్తేనే బిల్డింగు నిదానంగా చూడొచ్చు. సమావేశాలప్పుడు మెటల్ డిటెక్టర్ల దగ్గర బారు ఉంటుంది. 2010లో అవి పెట్టినప్పుడు తుపాకీ లైసెన్సు ఉన్నవాళ్ళకి వేరే దారి ఇచ్చారు. బారు తప్పించుకోవడానికి తుపాకీ లేనివాళ్ళు కూడా లైసెన్సు తీసుకున్నారు.

కరీంనగర్_పోరడు
తిరుపతిల స్పెషల్ దర్శనం టికెట్ లెక్క.

మొండిఘటం
తోటలో విగ్రహాల దగ్గర ఒకటి మాత్రం వదలొద్దు. 22 ఎకరాల ఆవరణలో వాయవ్యం వైపు, కాపిటల్‌కీ టెక్సాస్ సుప్రీంకోర్టు భవనానికీ మధ్య, బైబిల్లోని పది ఆజ్ఞల రాయి ఉంది. 6 అడుగులు, 1961లో ఈగల్స్ అనే సంఘం ఇచ్చింది. ప్రభుత్వ స్థలంలో మతం ఏంటని వాన్ ఆర్డెన్ కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2005లో 5-4తో రాయి నిలిచింది. అదే రోజు కెంటకీ కోర్టు గోడల మీది పది ఆజ్ఞలు మాత్రం పోయాయి. రెండింటిలోనూ తీర్పు తిప్పింది ఒక్క జడ్జి, బ్రేయర్.

పాతదస్తావేజు
తేడా సందర్భం. ఇక్కడ చుట్టూ ఎన్నో స్మారకాల మధ్య ఒకటిగా 40 ఏళ్ళు ఎవరూ కదపకుండా ఉంది. కెంటకీలో మతం కోసమే కొత్తగా పెట్టారని తేలింది. కింద నిలబడి చుట్టూ చూస్తే ఆ వాదనలో బలమెంతో మీరే తేల్చుకోవచ్చు. దక్షిణం వైపు 1891 అలమో వీరుల స్తంభం, 2012లో వచ్చిన టెహానో (స్పానిష్, మెక్సికన్ మూలాల టెక్సాస్ వాళ్ళ) స్మారకం, 2016లో ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర స్మారకం. మూడూ ఒకే పచ్చికలో. కాన్ఫెడరేట్ (అంతర్యుద్ధంలో బానిసత్వం వైపు నిలిచిన దక్షిణాది) సైనికుల స్తంభం 1903ది, అదీ అక్కడే. తేదీలు చదువుకుంటూ నడిస్తే ఏ కాలంలో ఎవరి మాట చెల్లిందో కనిపిస్తుంది.

మొండిఘటం
ఈ ఒక్కసారికి ఒప్పుకుంటా.

పిల్లకాలువ
@సుధ ఆగ్నేయం మూలన కోటలా ఉన్న చిన్న పాత బిల్డింగు విజిటర్స్ సెంటర్. 1857 నాటి ల్యాండ్ ఆఫీసు. భూమి కథ అంతా అక్కడ పటాలతో ఉంటుంది. ఉచితమే. ఎండ వేళ ముందు అక్కడికెళ్ళి తర్వాత కాపిటల్‌కి రావచ్చు.

సుధ_సీడార్‌పార్క్
అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పి. మెట్లు ఎక్కువుంటాయా?

భాస్కర్78
దక్షిణం ప్రధాన ద్వారానికి మెట్లున్నాయి. ఉత్తరం ద్వారం వీల్‌చైర్‌కి అనువైనది, అటు తీసుకెళ్ళండి. లోపల లిఫ్టులున్నాయి. లిఫ్టులో జీ నొక్కి దిగి, ఎక్స్‌టెన్షన్ ఈ1లో కెఫెటేరియా దగ్గర ఆవిడని కూర్చోబెట్టేయండి. మామయ్యగారు శ్లాబు ఎక్కడ కారిందో వెతుక్కుంటారు.